అప్‌గ్రేడ్ వచ్చింది సరే, లాంజ్ సంగతి అడిగారా?

“మేడమ్, మావాడు బిడ్ వేశాడు, బిజినెస్ క్లాస్ వచ్చేసింది. ఇక లాంజ్ కూడా ఉన్నట్టేగా?” మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. ఉన్నట్టే అని నేను చెప్పను. ముందు పీఎన్ఆర్ అడుగుతాను, అప్‌గ్రేడ్ ఏ దారిన వచ్చిందో అడుగుతాను, వచ్చిన మెయిల్ మొత్తం పంపమంటాను. అవి చూశాకే జవాబు. బిడ్ అంటే ఎకానమీ టికెట్ కొన్నాక, పై క్లాస్ సీటుకు ఇంత ఇస్తానని ఎయిర్‌లైన్‌కు ఆన్‌లైన్‌లో చెప్పడం. లాంజ్ అంటే విమానాశ్రయంలో కూర్చుని, తిని సేదతీరే ప్రత్యేక గది.

విజయవాడ లబ్బీపేటలో టికెట్లు బుక్ చేసే పని నాది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వెళ్లే పెద్దవాళ్లు. సాయంత్రం ఇక్కడ కారెక్కి హైవే మీద శంషాబాద్ చేరతారు. అర్ధరాత్రి చెకిన్ చేసుకుని తెల్లవారుజామున విమానం ఎక్కి, దుబాయ్‌లోనో దోహాలోనో కొన్ని గంటలు పడిగాపులు పడి, మళ్లీ పద్నాలుగు పదిహేను గంటలు గాల్లో ఉంటారు. లాంజ్ గురించి వాళ్లు దర్జా కోసం అడగరు. కాళ్లు చాపుకునే కుర్చీ, దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్, షుగర్ మాత్ర వేసుకునే వేళకు ఇంత తిండి, వాళ్లకు కావలసింది అదే. అది దొరుకుతుందని నమ్ముకుని వెళ్లినవాళ్లను గుమ్మం దగ్గర ఆపేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. బిజినెస్ సీటు వేరు, లాంజ్‌లోకి వెళ్లే హక్కు వేరు. మామూలు బిజినెస్ టికెట్‌లో రెండూ కలిసే వస్తాయి కాబట్టి మనకు ఒకటే అనిపిస్తుంది. అప్‌గ్రేడ్ దగ్గరకు వచ్చేసరికి రెండూ విడిపోవచ్చు. దానికి కారణం డబ్బే. శంషాబాద్‌లో లాంజ్‌లు నడిపేది ఎన్‌కామ్ అనే సంస్థ. సొంత లాంజ్ లేని ఊళ్లో ఎయిర్‌లైన్ తన బిజినెస్ ప్రయాణికులను ఇలాంటి లాంజ్‌కు పంపి, తలకింత చొప్పున కడుతుంది. విమానంలో ఖాళీగా పోయే సీటు మీకిస్తే ఎయిర్‌లైన్‌కు పెద్దగా ఖర్చుండదు. లాంజ్‌కు పంపితే మాత్రం ఆ సొమ్ము చేతి నుంచి పోతుంది. అందుకే తక్కువ ధరకు, లేదా ఊరికే ఇచ్చిన అప్‌గ్రేడ్‌లో ముందుగా కోత పడేది లాంజే.

ఏ దారిన వచ్చిన అప్‌గ్రేడ్?

అన్నిటికంటే భద్రమైనది ఛార్జీ తేడా కట్టి టికెట్‌నే మార్పించుకోవడం. అప్పుడు పాత టికెట్ రద్దయి కొత్త టికెట్ ఇష్యూ అవుతుంది. దాన్ని మీరే పట్టుకోవచ్చు. ఈ-టికెట్ మీద 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157, ఎయిర్ ఇండియాకు 098. అప్‌గ్రేడ్ తర్వాత మిగతా పది అంకెలు మారాయంటే కొత్త టికెట్ వచ్చిందన్నమాట. నంబరు అదే ఉండి, పక్కన ఇంకో రసీదు లాంటిది వచ్చిందంటే అది ఈఎండీ. మీ టికెట్ అలాగే ఉంది, పైన కట్టిన సొమ్ముకు మాత్రం విడిగా కాగితం ఇచ్చారు. రెండోది ఉన్నంత మాత్రాన లాంజ్ లేదని కాదు, కానీ షరతులు తప్పకుండా చదవాలి.

కొత్త టికెట్ వచ్చినా ఒక్క జాగ్రత్త. అసలు డబ్బు పెట్టి కొన్న బిజినెస్ టికెట్లలోనే లాంజ్ లేని రకాలున్నాయి. ఎమిరేట్స్ 2019లో తెచ్చిన బిజినెస్ ‘స్పెషల్’ ఛార్జీ, ఖతార్ ఎయిర్‌వేస్ 2020లో తెచ్చిన బిజినెస్ ‘లైట్’, ఆ మరుసటి ఏడు ఫిన్‌ఎయిర్ తెచ్చిన బిజినెస్ ‘లైట్’ అలాంటివే. సీటు అదే, భోజనం అదే, లాంజ్ మాత్రం లేకుండా వచ్చాయి. కాబట్టి బిజినెస్ అనే మాట ఒక్కటే చూసి ఆగకండి, దాని పక్కన ఉన్న చిన్న మాట కూడా చదవండి.

మైల్స్, అంటే విమానాల్లో తిరిగినందుకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు, పెట్టి చేసుకున్న అప్‌గ్రేడ్లు చాలావరకు బాగానే ఉంటాయి. ఉదాహరణకు అమెరికా ఎయిర్‌లైన్ యునైటెడ్‌లో ప్లస్‌పాయింట్లతోనో (తరచూ తిరిగేవాళ్లకు ఇచ్చే అప్‌గ్రేడ్ పాయింట్లు) మైల్స్‌తోనో పొలారిస్ క్లాస్ (వాళ్ల అంతర్జాతీయ బిజినెస్ క్లాస్) ఖాయమైతే, షికాగో, న్యూవార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల పొలారిస్ లాంజ్‌లోకి వెళ్లొచ్చు. ఖాయం కావాలి, అది ముఖ్యం. వెయిటింగ్ లిస్టులో ఉన్నంతసేపూ మీరు ఎకానమీ ప్రయాణికులే. పేరు పైన ఉంది, ఎలాగూ వచ్చేస్తుంది అని గుమ్మం దగ్గర చెబితే లాభం లేదు.

బిడ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, మనవాళ్ల పిల్లలు ఎక్కువగా వాడేది అదే కాబట్టి. చాలా ఎయిర్‌లైన్లకు ఈ బిడ్డింగ్ వ్యవస్థను నడిపేది ప్లస్‌గ్రేడ్ అనే కెనడా కంపెనీ. తెర మీద ఒక మీటర్ కనిపిస్తుంది, సొమ్ము పెంచేకొద్దీ ముల్లు ఎరుపు నుంచి ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అందరి కళ్లూ ఆ ముల్లు మీదే ఉంటాయి. దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న షరతుల లింకును ఎవరూ తెరవరు. అక్కడే రాసి ఉంటుంది: సీటు, భోజనం ఇస్తాం, బ్యాగేజీ, మైల్స్ పాత టికెట్ ప్రకారమే, లాంజ్ ఉంటుంది, లేదా ఉండదు. ఒక ఎయిర్‌లైన్ ఇస్తుంది, ఇంకోటి ఇవ్వదు, అదే ఎయిర్‌లైన్ ఏడాది తిరిగేసరికి మార్చేస్తుంది. అందుకే పక్కింటివాళ్లకు ఇచ్చారు కాబట్టి మనకూ ఇస్తారు అన్న లెక్క పనికిరాదు. బిడ్ నొక్కే ముందే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని పిల్లలకు చెబుతాను.

లాంజ్ సంగతి కాకపోయినా ఇక్కడే చెప్పాలి. బిడ్‌లో బిజినెస్ వచ్చిందని 32 కిలోల పెట్టెలు సర్దేయకండి. పాత టికెట్ 23 కిలోలదైతే అప్‌గ్రేడ్ తర్వాత కూడా 23 కిలోలే లెక్కగట్టే ఎయిర్‌లైన్లు ఉన్నాయి. ఆవకాయ సీసాలు, కారప్పొడి డబ్బాలు శంషాబాద్ కౌంటర్ ముందు నేల మీద పెట్టి తీసేయాల్సిన పని పెద్దవాళ్లకు రాకూడదు.

ఇంకో చిక్కు. బిడ్‌లో ఎకానమీ నుంచి ప్రీమియం ఎకానమీకి వెళ్లినవాళ్లు కూడా లాంజ్ అడుగుతున్నారు. ప్రీమియం ఎకానమీకి సాధారణంగా లాంజ్ ఉండదు. సీటు వెడల్పు పెరుగుతుంది, అంతవరకే.

చెకిన్ కౌంటర్ దగ్గర, “ఇంత కడితే బిజినెస్ ఇస్తాం” అని అడిగారనుకోండి. కార్డు తీసే ముందు ఒక్క ప్రశ్న వేయండి. ఇంగ్లీషు తడుముకునే పెద్దవాళ్లకు ఈ వాక్యం నేను కాగితం మీద తెలుగులో రాసిస్తాను: “డజ్ దిస్ ఇన్‌క్లూడ్ లాంజ్, హియర్ అండ్ ఇన్ దోహా?” ఇక్కడా, మధ్యలో ఆగే ఊళ్లోనూ అని రెండూ కలిపి అడగడం ముఖ్యం. ఉందని చెబితే ఇక్కడి లాంజ్‌కు ఇన్విటేషన్ స్లిప్ కౌంటర్‌లోనే అడిగి తీసుకోండి. కొన్ని ఎయిర్‌లైన్లు స్లిప్ ఇస్తాయి, కొన్ని బోర్డింగ్ పాస్ మీదే ముద్రిస్తాయి. ఏదో ఒకటి చేతికి వచ్చేవరకు కౌంటర్ వదలకండి. ఒకసారి ఇమిగ్రేషన్ ముద్ర పడి, సెక్యూరిటీ దాటాక మళ్లీ వెనక్కి వచ్చి అడగడం అయ్యే పని కాదు.

ఎకానమీలో సీట్లు నిండిపోయి, ఎయిర్‌లైన్ తన అవసరం కొద్దీ మిమ్మల్ని ముందుకు జరిపితే అది వేరే కథ. గేటు దగ్గర స్కాన్ చేస్తే కీచుమని చప్పుడొచ్చి కొత్త సీటు చీటీ చేతికిస్తారు. సంతోషంగా వెళ్లి కూర్చోండి, లాంజ్ ఆశ పెట్టుకోకండి. మీ టికెట్ ఇంకా ఎకానమీదే, పైగా అప్పటికి లాంజ్‌కు వెళ్లే టైమూ ఉండదు. విమానంలో కూర్చున్నాక డబ్బు కట్టి మారినా అంతే.

మన ప్రభుత్వ నియమాల్లో కూడా దీని గురించి ఆధారం వెతుక్కోకండి. బిజినెస్ టికెట్ కొన్నవాళ్లను ఎకానమీలో కూర్చోబెడితే ఏం చేయాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి 15 నుంచి స్పష్టంగా చెప్పింది: దేశంలోని ప్రయాణాలకు పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం, విదేశీ ప్రయాణాలకు దూరాన్ని బట్టి 30, 50, 75 శాతం తిరిగివ్వాలి. కిందికి దించితే రక్షణ ఉంది. పైకి ఎక్కించినప్పుడు ఏమేం ఇవ్వాలన్నది మాత్రం ఎయిర్‌లైన్ రాసుకున్న షరతుల ఇష్టం. ఆ మెయిల్‌లోని అక్షరాలే మన ఆధారం.

విమానం విమానానికీ వేరే లెక్క

తెనాలి నుంచి ఒక పెద్దాయన, వాళ్లావిడ డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరకు బయల్దేరారు. టికెట్ నా దగ్గరే కొన్నారు, బిడ్ మాత్రం అమ్మాయి అక్కడి నుంచి వేసింది. హైదరాబాద్ నుంచి మధ్య ఊరికి ఎకానమీ, అక్కడి నుంచి డల్లాస్‌కు బిజినెస్ వచ్చింది. శంషాబాద్‌లో లాంజ్‌కు వెళ్తే లేదన్నారు. అది న్యాయమే, అక్కడ ఎక్కే విమానం ఎకానమీ కదా. మధ్య ఊళ్లో దిగాక బిజినెస్ లాంజ్‌కు వెళ్లారు. అక్కడి అమ్మాయి బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి, తెర చూసి, “నాట్ ఎలిజిబుల్” అని ఒక్క మాట అంది. చేతిలో పాస్ మీద పెద్ద అక్షరాలతో బిజినెస్ అని ఉంది. ఆయన దాన్నే మళ్లీ మళ్లీ చూపించారట. వాళ్లావిడ “పదండి, పోనివ్వండి” అని చేయి పట్టుకుని లాగారట. ఆ రాత్రంతా గేటు దగ్గర ఇనుప కుర్చీల్లో కూర్చున్నారు. తర్వాత అమ్మాయి నాకు మెయిల్ పంపితే చూశాను, చివరి పేరాలో లాంజ్ వర్తించదని ఉంది. ఎయిర్‌లైన్ తన షరతు ప్రకారమే నడుచుకుంది. కానీ అంత ముఖ్యమైన మాటను చివరి పేరాలో దాచడం నాకు ఇప్పటికీ అన్యాయమే అనిపిస్తుంది.

కాబట్టి రెండు విమానాలుంటే రెండిటికీ విడివిడిగా అడగాలి. మామూలు సూత్రం ఇది: ఏ విమానాశ్రయంలో లాంజ్ అడుగుతున్నారో అక్కడ ఎక్కబోయే విమానంలో మీ క్లాస్ ఏమిటన్నది చూస్తారు, దిగిన విమానంలోది కాదు. దీనికి మినహాయింపులున్నాయి. వన్‌వరల్డ్ కూటమిలో, అంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ లాంటివాటిలో, ఐదు గంటలు దాటిన అంతర్జాతీయ బిజినెస్ ప్రయాణానికి అదే రోజు చిన్న విమానం జతపడితే పెద్ద విమానం క్లాస్‌నే లెక్కలోకి తీసుకునే నియమం ఉంది. అది కూడా మీ అప్‌గ్రేడ్ షరతులు లాంజ్ ఇస్తేనే. టికెట్ ఒక ఎయిర్‌లైన్ పేరు మీద కొని విమానం ఇంకో ఎయిర్‌లైన్ నడుపుతుంటే, నడిపేవాళ్లనే అడగండి.

అమెరికాలో దిగాక మళ్లీ లోపలి విమానం ఎక్కేవాళ్లకు ఒక మాట. అక్కడి డొమెస్టిక్ విమానాల్లో ముందు సీట్లను ఫస్ట్ క్లాస్ అంటారు. పిల్లలు వెంట ప్రయాణిస్తుంటే వాళ్ల స్టేటస్ వల్ల, అంటే తరచూ తిరిగేవాళ్లకు ఎయిర్‌లైన్ ఇచ్చే హోదా వల్ల, మీకు ఊరికే ఆ అప్‌గ్రేడ్ రావచ్చు. డెల్టా, యునైటెడ్, అమెరికన్ మూడింటిలోనూ డొమెస్టిక్ ఫస్ట్ క్లాస్ టికెట్‌కే సాధారణంగా లాంజ్ రాదు, అప్‌గ్రేడ్‌కు అసలే రాదు. పేరు చూసి మోసపోకండి.

భార్యాభర్తల్లో ఒకరికే వస్తే?

బిడ్ అయితే ఈ బాధ తక్కువ, ఒకే పీఎన్ఆర్‌లో ఉన్న అందరికీ కలిపే వేస్తారు. మైల్స్‌తోనో కౌంటర్ దగ్గరో అయితే ఒక్కరికే దొరకడం మామూలే. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి అమ్మను ముందు సీట్లోకి పంపి నాన్న వెనక కూర్చుంటారు, బాగుంది. కానీ లాంజ్‌లోకి అమ్మ వెంట నాన్న వెళ్లలేరు. స్టార్ అలయన్స్‌లోనూ (ఎయిర్ ఇండియా, యునైటెడ్ లాంటివాటి కూటమి) వన్‌వరల్డ్‌లోనూ బిజినెస్ ప్రయాణికులకు వెంట ఒకరిని తీసుకెళ్లే వీలు లేదు. అంతర్జాతీయ ఫస్ట్ క్లాస్‌వాళ్లకు, గోల్డ్ లాంటి స్టేటస్ ఉన్నవాళ్లకు మాత్రం ఒకరికి అనుమతి ఉంటుంది. ఆ వెంట వచ్చేవాళ్లు కూడా అదే కూటమి విమానంలో వెళ్తుండాలి.

ఈ స్టేటస్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఎయిర్ ఇండియా సభ్యత్వ పథకం మహారాజా క్లబ్‌లో గోల్డ్, ప్లాటినం ఉన్నవాళ్లకు, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌వాళ్ల అలాంటి పథకం క్రిస్‌ఫ్లయర్‌లో గోల్డ్ ఉన్నవాళ్లకు స్టార్ అలయన్స్ గోల్డ్ హోదా వస్తుంది. వాళ్లు స్టార్ అలయన్స్ విమానంలో వెళ్తుంటే ఎకానమీలో ఉన్నా లాంజ్ ఉంటుంది, అప్‌గ్రేడ్‌తో పనే లేదు. అయితే టికెట్ మార్చినప్పుడు ఆ మెంబర్‌షిప్ నంబరు ఒక్కోసారి జారిపోతుంది. కొత్త బోర్డింగ్ పాస్ మీద గోల్డ్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కౌంటర్‌లోనే ఎక్కించమనండి.

పాత పాస్, వీల్‌చైర్

లాంజ్ గుమ్మం దగ్గర ఉద్యోగి మీ ముఖం చూసి నిర్ణయించరు, బార్‌కోడ్ చెప్పింది వింటారు. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో మీ పేరు, పీఎన్ఆర్, విమానం నంబరు, తేదీ, సీటు నంబరుతో పాటు ఏ క్లాసో చెప్పే ఒక్క అక్షరం ఉంటుంది. వెబ్ చెకిన్ చేసి ఫోన్‌లో పాస్ దాచుకున్నాక అప్‌గ్రేడ్ వస్తే, ఫోన్‌లోని పాత బార్‌కోడ్‌లో ఇంకా ఎకానమీ అక్షరమే ఉంటుంది. దాన్ని చూపిస్తే హక్కు ఉన్నవాళ్లకు కూడా దొరకదు. అందుకని అప్‌గ్రేడ్ మెయిల్ వచ్చిన వెంటనే పాత పాస్ తీసేసి కొత్తది దించుకోండి. పెద్దవాళ్లయితే కౌంటర్‌లో కాగితం పాస్ తీసుకోవడమే మేలు. రెండో విమానం పాస్ కూడా అక్కడే ఇమ్మని అడగండి.

వీల్‌చైర్ అడిగినవాళ్లు ఇంకా ముందే చెప్పుకోవాలి. తోసుకెళ్లే అబ్బాయికి మీరు లాంజ్‌కు వెళ్లాలని తెలియదు. తన పద్ధతిలో మిమ్మల్ని నేరుగా గేటు దగ్గరకో, వీల్‌చైర్లు నిలిపే చోటుకో తీసుకెళ్లి దింపేసి వెళ్లిపోతాడు. తర్వాత లాంజ్ ఎక్కడో, గేటు ఎక్కడో, నడవలేని మనిషి ఏం చేస్తారు? కుర్చీలో కూర్చోగానే “బాబూ, ముందు లాంజ్‌కు తీసుకెళ్లు, బోర్డింగ్ వేళకు మళ్లీ రా” అని చెప్పండి. లాంజ్ రిసెప్షన్‌లో కూడా వీల్‌చైర్ కావాలని, విమానం టైమ్ ఇదని రాయించండి. లోపల అనౌన్స్‌మెంట్లు వినిపించని లాంజ్‌లు చాలా ఉన్నాయి. ఫోన్‌లో అలారం పెట్టుకోవడం ఎవరికైనా అవసరమే.

కాదన్నప్పుడు

షరతుల్లో లాంజ్ ఉందని రాసి ఉన్నా కాదన్నారనుకోండి. గొడవ పడకండి, వెనుదిరిగి కూడా రాకండి. మెయిల్ ప్రింటు చూపించి, ఎయిర్‌లైన్ మనిషితో మాట్లాడించమనండి. బయటి సంస్థ నడిపే లాంజ్‌లో కూర్చున్న ఉద్యోగికి సొంతంగా ఒప్పుకునే అధికారం ఉండదు, ఎయిర్‌లైన్ నుంచి ఒక్క ఫోన్ వస్తే సరిపోతుంది. మధ్య ఊళ్లో అయితే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు వెళ్లి అడగండి. పాస్ మళ్లీ ప్రింట్ చేసి ఇస్తే సమస్య తీరిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ ప్రింటు పిల్లల ఇన్‌బాక్స్‌లో ఉంటే పనికిరాదు, పెద్దవాళ్ల చేతిసంచిలో పాస్‌పోర్టుతో పాటు ఉండాలి.

షరతుల్లో లేకపోతే వాదించి లాభం లేదు, వేరే దారి చూసుకోవాలి. మన బ్యాంకు కార్డులు ఉన్నాయి కదా అనుకుంటారు. ఇప్పుడు వాటికీ షరతులొచ్చాయి. ఐసీఐసీఐ 2024 నవంబర్ 15 నుంచి తన కార్డులు చాలావాటికి ముందటి త్రైమాసికంలో 75,000 రూపాయలు ఖర్చు చేసి ఉండాలన్న నియమం పెట్టింది. మిగతా బ్యాంకులూ ఇలాంటివి పెట్టాయి. పైగా చాలా కార్డులు దేశీయ టెర్మినల్ లాంజ్‌కే పనికొస్తాయి, అంతర్జాతీయానికి ప్రయారిటీ పాస్ లాంటిది, అంటే చాలా దేశాల లాంజ్‌లలో చెల్లే సభ్యత్వ కార్డు, ఉండాలి. అది కూడా ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. కొడుకు కార్డు అమ్మ చేతిలో ఉంటే లోపలికి రానివ్వరు. ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే కార్డు సంగతి తేల్చుకుంటే ఖర్చు షరతు పూర్తి చేసుకోవడానికి వీలుంటుంది.

అదీ లేకపోతే డబ్బు కట్టి వెళ్లడమే. మధ్య ఊళ్లో ఆరేడు గంటలు ఆగాల్సి ఉంటే పెద్దవాళ్ల కోసం ఆ డబ్బు పెట్టమనే నేను చెబుతాను. ముందే ఆన్‌లైన్‌లో కొనండి. అప్పటికప్పుడు వెళ్తే నిండిపోయిందనే బోర్డు ఉండొచ్చు. డబ్బు కట్టి వెళ్లే లాంజ్‌లలో సాధారణంగా రెండు మూడు గంటలే ఉండనిస్తారు కాబట్టి దిగగానే కాకుండా, తిండికీ మాత్రకూ సరిపడే వేళ చూసుకుని వెళ్లమనండి. లాంజ్ రాసి ఇచ్చి కూడా కాదన్న సందర్భమైతే ఆ రసీదు పారేయకండి. బోర్డింగ్ పాస్ ఫోటో, టికెట్ నంబరు, అప్‌గ్రేడ్ మెయిల్, రసీదు నాలుగూ జతచేసి ఎయిర్‌లైన్ ఫిర్యాదు పేజీలో పెట్టండి. పిల్లల లాగిన్‌తో కాకుండా టికెట్ మీదున్న పేరుతో పెడితే జవాబు త్వరగా వస్తుంది.